పొట్టలో తొలిదశ క్యాన్సర్: ఎండోస్కోపీతో తీస్తే చాలా, ఆపరేషన్ తప్పదా?

మీరు రాసిన వివరాలు ముందు ఒక వరుసలో పెడతాను. నాన్నగారికి 61 ఏళ్లు, మీది గుంటూరు. కొన్ని నెలలుగా కడుపులో మంట. పాంటాప్రజోల్ వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలవుతుంది. విజయవాడలో ఎండోస్కోపీ చేస్తే పొట్ట కింది భాగంలో, యాంట్రమ్ అనే చోట, 18 మిల్లీమీటర్ల పల్లపు మచ్చ కనిపించింది. పుండు లేదని రిపోర్టులో ఉంది. బయాప్సీలో వెల్ డిఫరెన్షియేటెడ్ అడినోకార్సినోమా, అంటే కణాలు ఇంకా మామూలు పొర కణాలను పోలి ఉండే రకం క్యాన్సర్, అని వచ్చింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు, దానికి మందులు నడుస్తున్నాయి. ఒక డాక్టరుగారు పొట్టలో సగానికి పైగా తీసేయాలన్నారు, ఇంకొకరు ఎండోస్కోపీతోనే తీసేయొచ్చన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఈ వివరాలన్నీ సరైనవే అయితే ముందు ఎండోస్కోపీతో తీయించడమే మంచిదని నా అభిప్రాయం. కానీ దానితో సరిపోయిందా లేదా అన్నది ఇవాళ ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేరు. తీసిన ముక్కను పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూశాకే ఆ సంగతి తేలుతుంది. అంటే ఇది వైద్యమూ, అసలైన పరీక్షా కూడా. అందుకే మచ్చ మొత్తం ఒకే ముక్కగా, చుట్టూ, అడుగునా కాస్త క్యాన్సర్ లేని పొరతో సహా బయటికి రావాలి. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క షరతు చుట్టూ తిరిగేవే.

పొట్ట గోడకు లోపలి నుంచి బయటికి ప్రధానంగా నాలుగు పొరలు. లోపలిది మ్యూకోసా, దాని కింద మెత్తగా వదులుగా ఉండే సబ్‌మ్యూకోసా, ఆ తర్వాత మందపాటి కండరం, పైన పల్చటి తొడుగు. క్యాన్సర్ మ్యూకోసాలో పుడుతుంది. ఆ పొరలోనే ఉన్నంతకాలం లింఫు గ్రంథులకు పాకే అవకాశం నూటికి రెండు మూడు కేసుల్లోనే. సబ్‌మ్యూకోసాలోకి లోతుగా దిగితే అది 20 శాతం దాకా వెళుతుంది, ఎందుకంటే లింఫు నాళాలు, రక్తనాళాలు దట్టంగా ఉండేది అక్కడే. గ్రంథులను ఎండోస్కోపీతో తీయలేం. కాబట్టి ఎండోస్కోపీ వైద్యం పనికొచ్చేది గ్రంథులకు పాకే అవకాశం దాదాపు లేని మచ్చలకే.

అలాంటి మచ్చలను ఎలా గుర్తించాలో జపాన్ వాళ్లు లెక్కగట్టి చూపించారు. టోక్యోలోని రెండు క్యాన్సర్ ఆసుపత్రుల్లో తొలిదశ పొట్ట క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 5,265 మంది గ్రంథుల రిపోర్టులు తిరగేసి 2000లో ప్రచురించారు. క్యాన్సర్ మ్యూకోసా దాటకుండా, డిఫరెన్షియేటెడ్ రకమై, నాళాల్లోకి చొరబడకుండా, 3 సెంటీమీటర్ల లోపు ఉన్న 1,230 మందిలో ఒక్కరికి కూడా గ్రంథుల్లో క్యాన్సర్ లేదు. పుండు లేకపోతే మచ్చ ఎంత పెద్దదైనా అంతే, 929 మందిలో సున్నా. ఇవాళ్టి నియమాలకు పునాది ఈ లెక్కలే. డిఫరెన్షియేటెడ్ రకం, పుండు లేదు: సైజు ఎంతైనా ఎండోస్కోపీతో తీయొచ్చు. పుండు ఉంటే 3 సెంటీమీటర్ల దాకా. సిగ్నెట్ రింగ్ వంటి అన్‌డిఫరెన్షియేటెడ్ రకమైతే పుండు లేకుండా 2 సెంటీమీటర్ల లోపు మాత్రమే. మూడింటిలోనూ క్యాన్సర్ మ్యూకోసాలోనే ఉందని అనిపించాలి. ఆ తర్వాత 470 మందికి ఎండోస్కోపీతో పెద్ద మచ్చలు, పుండున్న మచ్చలు తీసి వెంట వెంట చూస్తే ఐదేళ్లకు 97 శాతం మంది బతికే ఉన్నారు. 61 ఏళ్ల మనిషికి 18 మిల్లీమీటర్ల మచ్చ కోసం ముందే పొట్ట తీసేయాలంటే, ఈ అంకెలను పక్కన పెట్టడానికి గట్టి కారణం ఉండాలి.

కారణం ఉండొచ్చు కూడా. ఆపరేషన్ అన్న డాక్టరుగారిని కొట్టిపారేయకుండా ఒక్క ప్రశ్న అడగండి: "లోతుగా దిగిందని మీకు ఎక్కడ అనిపించింది సార్?" మచ్చ మీదికి చుట్టుపక్కల మడతలు లాక్కువచ్చి చివర్లు ఉబ్బి కలిసిపోయినా, గాలి నింపినప్పుడు గోడంతా సాగుతున్నా ఆ చోటు బిగుసుకుని లేవకపోయినా, అంచులు గట్టులా లేచినా లోతు అనుమానించాలి. ఇలాంటి గుర్తు చూపిస్తే ఆయన మాటకు బరువుంది. "క్యాన్సర్ కదా, తీసేయడమే మంచిది" అన్నంతవరకే అయితే మచ్చను ఇంకో చోట మళ్లీ చూపించండి.

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (పొట్ట లోపలి నుంచే గోడ లోతు చూసే స్కాన్) తప్పనిసరా అని కూడా అడిగారు. తప్పనిసరి కాదు. పుండు మానిన మచ్చ కూడా అందులో లోతుకు దిగిన క్యాన్సర్‌లా కనిపించి, అక్కర్లేని ఆపరేషన్‌కు దారితీస్తుంది. బాగా చేసిన ఎండోస్కోపీ దానికన్నా తక్కువేమీ కాదు. ఇక సీటీ. అది పొట్ట గోడలోని ఈ చిన్న మచ్చను చూపించదు. కాలేయం, గ్రంథులు ఎలా ఉన్నాయో చూడటానికే. "సీటీలో ఏమీ రాలేదు కాబట్టి క్యాన్సర్ లేదేమో" అని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఆ ఆశ పెట్టుకోవద్దు.

మళ్లీ చేసే ఎండోస్కోపీ ఎలా ఉండాలంటే: ముందు సిమెథికోన్ కలిపిన నీళ్లు తాగించాలి, లేదా లోపల ఆ నీళ్లతో కడగాలి. జిగురు, నురగ పోకపోతే మచ్చ అంచు కనపడదు. పొట్టంతా తీరిగ్గా చూడటానికి కనీసం ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, రెండు నిమిషాల్లో అయిపోయేది కాదు. ఎన్‌బీఐ అనే నీలి వెలుగులో, వీలైతే మాగ్నిఫికేషన్‌తో, మచ్చ అంచు గీత గీసినట్టు ఎక్కడుందో గుర్తించాలి. ఇండిగో కార్మిన్ అనే నీలం రంగు చల్లితే పల్లాలు, మిట్టలు తేలతాయి. రెండో మచ్చ ఉందేమో కూడా అప్పుడే వెతకాలి. ఒకటి ఉన్న పొట్టలో ఇంకొకటి దాక్కుని ఉండటం వింత కాదు. ఇదంతా నిద్రమత్తు ఇచ్చి చేయించండి. వాంతి వచ్చినట్టు కదులుతున్న మనిషికి అంచులు చూడటం కుదరదు.

పాంటాప్రజోల్ విషయంలో ఒక హెచ్చరిక. తొలిదశ క్యాన్సర్ పుండు కూడా ఈ మాత్రలకు మానుతుంది, మంట తగ్గుతుంది, కొన్నాళ్లకు మళ్లీ పుండు పడుతుంది. మన ఊళ్లలో మందుల షాపులో అడిగి నెలల తరబడి వేసుకోవడం మామూలైపోయింది కదా, తొలిదశలో దొరకాల్సినవి అలా దాటిపోతుంటాయి. పుండు మానిందన్నంత మాత్రాన క్యాన్సర్ కాదని తేల్చకూడదు.

"అనుమానం తీరడానికి ఇంకో నాలుగు బయాప్సీలు తీద్దాం" అంటే ఒప్పుకోవద్దు. ఇప్పటికే క్యాన్సర్ అని తేలింది. తునక తీసిన ప్రతిచోటా అడుగు పొర మాని గట్టిపడుతుంది. రేపు ఆ పొరను విడదీసేటప్పుడు అక్కడే చిల్లు పడొచ్చు, లేదా ముక్క చిరగొచ్చు. దానికి బదులు ఉన్న బయాప్సీ స్లైడ్లనూ మైనపు బ్లాకులనూ ల్యాబ్ నుంచి తీసుకుని, జీర్ణవ్యవస్థ రిపోర్టులు రోజూ చూసే మరో పాథాలజిస్టుకు చూపించండి. అడిగితే ఇస్తారు, అడగడం మీ హక్కు. బయాప్సీ రిపోర్టుకూ, మొత్తం మచ్చ తీశాక వచ్చే రిపోర్టుకూ తేడా రావడం కూడా మామూలే. హై గ్రేడ్ డిస్‌ప్లాసియా (క్యాన్సర్‌కు ముందు దశ) అని వచ్చినవి క్యాన్సర్ అని తేలడం తరచుగా ఉంటుంది.

ఇక చేసే పద్ధతి. రెండున్నాయి. ఈఎంఆర్ (ఎండోస్కోపిక్ మ్యూకోసల్ రిసెక్షన్)లో మచ్చ కింద ద్రవం ఎక్కించి, తీగ ఉచ్చు వేసి కరెంటుతో కోస్తారు. పావుగంటలో అయిపోతుంది, కానీ ఉచ్చులో ఒకేసారి పట్టేది దాదాపు 2 సెంటీమీటర్ల లోపే, అదీ చక్కగా లేచి నిలబడితేనే. పల్లపు మచ్చ జారిపోతుంది. పెద్దవాటిని ముక్కలు ముక్కలుగా తీయాల్సి వస్తుంది, అప్పుడు అంచులు ఎక్కడివో, లోతు ఎంతో పాథాలజిస్టుకు అందదు. ఈఎస్‌డీ (ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్) అంటే సన్నని కత్తితో సబ్‌మ్యూకోసాను పొరగా విడదీసి మచ్చను మొత్తంగా ఎత్తుకురావడం. జపాన్‌లో దీనికి ప్రభుత్వ బీమా 2006లో పొట్టకు, 2008లో అన్నవాహికకు, 2012లో పెద్దపేగుకు వచ్చింది. ఆ వరుస కష్టాన్ని బట్టి వచ్చిందే; పెద్దపేగు గోడ పల్చన. మీ నాన్నగారి మచ్చకు ఈఎస్‌డీయే తగినది. సైజు 18 మిల్లీమీటర్లే అయినా చుట్టూ మార్జిన్ కలిపితే ముక్క 3 సెంటీమీటర్లు దాటుతుంది, అది ఉచ్చులో పట్టదు.

ఈఎస్‌డీ ఎలా జరుగుతుందో తెలిస్తే డాక్టరుతో మాట్లాడటం సులువు. స్కోపు కొనకు పారదర్శక టోపీ తొడుగుతారు, అది పొరను ఎత్తిపట్టి కింద చోటు చూపిస్తుంది. మామూలు గాలి కాకుండా కార్బన్ డయాక్సైడ్ నింపాలి. చిల్లు పడితే అది త్వరగా ఇంకిపోతుంది, గాలి అలా ఇంకదు. మచ్చ అంచుకు సుమారు 5 మిల్లీమీటర్ల అవతల, చుట్టూ చుక్కలు కాల్చి గుర్తు పెడతారు. పని మొదలయ్యాక రక్తం, వాపు వల్ల అంచు తెలియదు, ఆ చుక్కలే దారి. తర్వాత అడుగున ద్రవం ఎక్కిస్తారు: సెలైన్ లేదా గ్లిసరాల్ ద్రావణం, కొద్దిగా అడ్రినలిన్, పొర రంగు తెలియడానికి ఇండిగో కార్మిన్ లేదా మిథిలిన్ బ్లూ. సెలైన్ నిమిషాల్లో ఇంకిపోతుంది; కష్టమైన చోట 0.4 శాతం సోడియం హయలురోనేట్ వాడితే ఎత్తు ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ చోటు పూరీలా పొంగితే మంచిది. పొంగకపోతే క్యాన్సర్ లోతుకు దిగిందో, పాత బయాప్సీ చోటు గట్టిపడిందో తేల్చుకోవాలి.

అప్పుడు చుక్కలకు బయటగా చుట్టూ కోసి, నీలం పొరలోనే కత్తి నడుపుతూ విడదీస్తారు. కండరానికి సమాంతరంగా వెళ్లాలి. దానివైపు కత్తి కొన తిరిగితే చిల్లు. కొనకు సిరామిక్ బంతి ఉండే ఐటీ నైఫ్ పొట్టలో వేగంగా పనిచేస్తుంది, ఆ బంతి కండరాన్ని కాపాడుతుంది. పొట్టి కొన కత్తులు 2 మిల్లీమీటర్ల పొడవువి పొట్టకు, 1.5 మిల్లీమీటర్లవి అన్నవాహికకు, పెద్దపేగుకు. రక్తనాళం కనపడగానే కోయకుండా ముందే చిమటా లాంటి కోయాగ్రాస్పర్‌తో పట్టి మెల్లగా కాల్చాలి. ఈ పనిలో నేర్పు కోయడంలోకన్నా రక్తం రాకముందే నాళాన్ని చూసుకోవడంలోనే ఉంది. ఒకసారి రక్తం వరదైతే పొర కనపడదు, కనపడకుండా కాలిస్తే చిల్లు. ముక్క వచ్చాక అడుగున కనిపించే నాళాలన్నీ ఒక్కొక్కటిగా కాల్చి మూసేస్తారు. యాంట్రమ్‌లో ఈ సైజుకు గంట, గంటన్నర పట్టొచ్చు. యాంట్రమ్ తేలికైన చోటు కూడా. ఇదే మచ్చ పొట్ట పైభాగంలో ఉంటే స్కోపు తిప్పుకుని చేయాలి, అక్కడ నాళాలు కూడా లావు, పని రెట్టింపు.

ముక్క బయటికి వచ్చాక జరిగే తప్పు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే రెండు గంటల శ్రమ రెండు నిమిషాల్లో వృథా అయ్యేది అక్కడే. దాన్ని నేరుగా ఫార్మలిన్ సీసాలో వేస్తే ముడుచుకుపోతుంది. ముడుచుకున్నదాన్ని కోస్తే అంచు ఏదో, అడుగు ఏదో కలిసిపోయి, "మార్జిన్ చెప్పలేం" అని రిపోర్టు వస్తుంది. ఎండోస్కోపీ గదిలోనే వెంటనే, మ్యూకోసా పైకి ఉండేలా కార్కు పలక మీదో థర్మాకోల్ మీదో పరిచి, మరీ లాగకుండా చుట్టూ సన్నని సూదులు గుచ్చి, నోటివైపు ఏదో రాసి, 10 శాతం ఫార్మలిన్‌లో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. ల్యాబ్‌లో 2 మిల్లీమీటర్ల చొప్పున వరుసగా ముక్కలు కోయాలి. డాక్టరు తీరిక లేక సిబ్బందికి వదిలేస్తే ఇది తప్పుతుంది. "ముక్కను పిన్ చేసి పంపుతారా సార్, చూసే పాథాలజిస్టు ఎవరు?" అని ముందే అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఆ ఆసుపత్రిలో ఈ పని ఎంత తరచుగా జరుగుతుందో చెప్పేస్తుంది.

రిపోర్టులో ఇవి ఉన్నాయా చూసుకోండి: మచ్చ సైజు, రకం, పుండు ఉందా లేదా, లోతు, చుట్టూ అంచు, అడుగు అంచు, లింఫు నాళాల్లోకి, సిరల్లోకి చొరబాటు. లోతు సబ్‌మ్యూకోసాలోకి వెళ్లి ఉంటే మైక్రాన్లలో రాయాలి. అన్నీ బాగుంటే, క్యాన్సర్ మ్యూకోసాలోనే ఉంటే వైద్యం పూర్తయినట్టే, కీమో అక్కర్లేదు. డిఫరెన్షియేటెడ్ రకం సబ్‌మ్యూకోసాలోకి 500 మైక్రాన్ల లోపు, అంటే అర మిల్లీమీటరు లోపు దిగి, మచ్చ 3 సెంటీమీటర్ల లోపు ఉండి, నాళాలూ అంచులూ శుభ్రంగా ఉంటే అప్పుడు కూడా సాధారణంగా ఆపరేషన్ చెప్పరు, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి స్కాన్ చేసి చూస్తారు. పక్క అంచు ఒక్కటే అనుమానంగా ఉంటే మళ్లీ తీయడమో, జాగ్రత్తగా గమనించడమో సరిపోవచ్చు.

లోతు ఎక్కువైనా, నాళాల్లోకి వెళ్లినా ఆపరేషన్ చెబుతారు. ముందు చేసిన ఈఎస్‌డీ వృథా కాదు. ఆపరేషన్ ఎందుకు అవసరమో ఇప్పుడు కచ్చితంగా తెలిసినట్టు. అక్కడా అందరికీ ఒకే ప్రమాదం ఉండదు. ఈక్యూరా అనే స్కోరు ఒకటుంది: లింఫు నాళాల్లోకి చొరబాటుకు 3 మార్కులు, 3 సెంటీమీటర్లు దాటడం, అడుగు అంచులో క్యాన్సర్, సిరల్లోకి చొరబాటు, 500 మైక్రాన్లు దాటిన లోతు, వీటికి ఒక్కోటి. మొత్తం 0 లేక 1 అయితే గ్రంథుల్లో క్యాన్సర్ ఉండే అవకాశం 2.5 శాతం, 2 నుంచి 4 అయితే 6.7, 5 నుంచి 7 అయితే 22.7 శాతం. 80 ఏళ్లు దాటి గుండె, ఊపిరితిత్తులు బాగాలేని పెద్దాయనకు 2.5 శాతం కోసం పొట్ట కోయాలా అన్నది కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. 61 ఏళ్ల మనిషికి 22.7 శాతమైతే ఆలోచించాల్సిందేమీ లేదు, ఆపరేషన్ చేయించాలి.

గుండె మందుల సంగతి. నాన్నగారి మాత్రల పట్టీలు చేతిలో పట్టుకుని వెళ్లండి, పేర్లు నోటితో చెప్పొద్దు. స్టెంట్ వేసినవాళ్లలో కొందరికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్టరాల్ మందు మూడూ ఒకే క్యాప్సూల్‌లో ఇస్తారు. "ఒకటే మాత్ర వాడుతున్నారు" అని ఇంట్లోవాళ్లు చెబుతారు, అందులో రక్తం పల్చబడేవి రెండున్నాయని ఎవరికీ తట్టదు. రెండేళ్లు దాటింది కాబట్టి చాలామందిలో క్లోపిడోగ్రెల్‌ను 5 నుంచి 7 రోజుల ముందు ఆపి, ఆస్పిరిన్ మాత్రం కొనసాగిస్తారు. కానీ ఈ నిర్ణయం స్టెంట్ వేసిన కార్డియాలజిస్టుదే, కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు రెండూ మానేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. అది పొట్టలో రక్తస్రావంకన్నా ఎంతో ప్రమాదం.

ఏం తేడా చేయొచ్చంటే, ముఖ్యంగా రెండు. పొట్టలో ఈఎస్‌డీ తర్వాత ఆలస్యంగా రక్తస్రావం నూటికి ఐదుగురికి దగ్గరగా వస్తుంది, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ. మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ, కానీ రెండు వారాల దాకా రావచ్చు. తారులా నల్లగా, జిగటగా, వాసనతో విరేచనం, కాఫీ పొడి రంగు వాంతి, లేవగానే కళ్లు తిరగడం: ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి, ఏమీ తినిపించకూడదు. ఐరన్ మాత్రలు కూడా విరేచనాన్ని నల్లగా చేస్తాయి, గందరగోళం లేకుండా ఆ రెండు వారాలు వాటిని ఆపమని డాక్టరును అడగండి. చిల్లు ఇంకొకటి. ఇది నూటికి రెండు నుంచి ఐదు దాకా. పని జరుగుతుండగానే కనిపిస్తే క్లిప్పులతో మూసేస్తారు, నోటితో ఏమీ ఇవ్వకుండా యాంటీబయాటిక్స్ మీద ఉంచితే చాలామందికి ఆపరేషన్ అవసరం పడదు. ఇంటికి వచ్చాక పొట్ట బల్లలా గట్టిపడి, జ్వరం, తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం అది వేరే కథ. అరుదే, కానీ గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి.

ఎక్కడ చేయించాలి అన్నదానికీ దీనికీ సంబంధం ఉంది. విజయవాడ నుంచి హైదరాబాద్ 270 కిలోమీటర్లు, రోడ్డున ఐదు గంటలు. ఈఎస్‌డీ తరచుగా చేసే పెద్ద కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. చెన్నై, వెల్లూరు వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. అక్కడ చేయించుకుని మూడో రోజే గుంటూరు తిరిగి వస్తే, అర్ధరాత్రి రక్తం వాంతి చేసుకున్నప్పుడు చేసిన డాక్టరు అందుబాటులో ఉండరు. కనీసం వారం అక్కడే గది తీసుకుని ఉండండి. లేదా మన దగ్గర ఇరవైనాలుగు గంటలూ ఎండోస్కోపీతో రక్తం ఆపగలిగే ఆసుపత్రి ఏదో ముందే చూసుకుని, డిశ్చార్జి కాగితంలో ఏం చేశారో, ఎన్ని క్లిప్పులు వేశారో వివరంగా రాయించుకోండి. విజయవాడ, గుంటూరు, మంగళగిరి చుట్టూ గ్యాస్ట్రో డాక్టర్లకు కొదవ లేదు. ఊరు పేరును బట్టి కాకుండా చేసే మనిషిని బట్టి తేల్చుకోవాలి. సొంతంగా ఎన్ని పొట్ట ఈఎస్‌డీలు చేశారు? ముప్పై దాకా చేస్తే గానీ తేలికైన చోట్ల చెయ్యి కుదరదని ఈ రంగంలో అనుకునే మాట. కార్బన్ డయాక్సైడ్ ఉందా? పక్కనే సర్జన్, ఐసీయూ ఉన్నాయా? మత్తు డాక్టరు మొదటి నుంచి చివరిదాకా ఉంటారా? ఇవి అడిగితే మంచి డాక్టరు ఏమీ అనుకోరు.

ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, కింద చేయించాలనుకుంటే చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఈ పేరుతో ప్యాకేజీ ఉందా, ముందస్తు అనుమతి వచ్చిందా అని చూసుకోండి. ప్రైవేటు బీమా అయితే ఉత్తరంలో ఉత్త "ఎండోస్కోపీ" అని రాయకూడదు, అది చూసి అవుట్ పేషెంట్ పరీక్ష అనుకుని తిప్పి పంపే అవకాశముంది. "పొట్ట క్యాన్సర్‌కు ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్, జనరల్ అనస్తీషియాలో, ఇన్ని రోజుల అడ్మిషన్" అని ఉండాలి. కత్తి, కోయాగ్రాస్పర్, క్లిప్పులు విడిగా బిల్లులో వస్తాయా అని కూడా అడగండి, ఖర్చులో పెద్ద వాటా వాటిదే.

చేసిన తర్వాత ఒక రోజు నోటితో ఏమీ ఇవ్వరు. మర్నాడు అంతా బాగుంటే నీళ్లు, ఆ తర్వాత గంజి, పల్చటి మజ్జిగ, మెత్తటి అన్నం. మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. అక్కడ మిగిలేది పెద్ద పుండే; మానడానికి దాదాపు ఎనిమిది వారాలు, అన్నాళ్లూ పాంటాప్రజోల్ లాంటి మందు ఆపకూడదు. నొప్పి లేదు కదా అని రెండో వారంలోనే మానేసేవాళ్లున్నారు. మొదటి రెండు మూడు వారాలు కారం, పచ్చళ్లు, వేడివేడి కాఫీ వద్దు. గుంటూరు ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదు, వంట విడిగా చేయాల్సిందే. పుండు మానాక మామూలు భోజనం చేయొచ్చు. ఊరగాయలు, ఉప్పు చేపలు లాంటి ఉప్పు దట్టించిన నిల్వ సరుకు మాత్రం శాశ్వతంగా తగ్గించండి. చుట్ట, సిగరెట్టు, ఖైనీ ఉంటే పూర్తిగా మానాలి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకోవద్దు, పారాసిటమాల్ చాలు.

మచ్చ అన్నవాహికలోనో పెద్దపేగులోనో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. అన్నవాహికలో లెక్క చాలా కఠినం: సబ్‌మ్యూకోసాలోకి 200 మైక్రాన్లు దాటితే చాలు, లోతు కింద లెక్క. అక్కడ చుట్టుకొలతలో ముప్పాతిక వంతుకు పైగా తీస్తే మానేటప్పుడు దారి ఇరుకైపోతుంది, దానికి ముందుగానే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు లేదా మాత్రలు ఇస్తారు. పెద్దపేగులో 1,000 మైక్రాన్ల లోపు దిగి, మిగతా గుర్తులు శుభ్రంగా ఉంటే ఎండోస్కోపీతో సరిపోతుంది. అక్కడ పల్చగా పరుచుకున్న మచ్చ కనిపిస్తే బయాప్సీ తీయకుండా, చోటు గుర్తుకోసం మచ్చ కిందే టాటూ సిరా ఎక్కించకుండా, ఫోటోలు తీసి పంపడమే దాన్ని కనిపెట్టిన డాక్టరు చేయగలిగిన మేలు. టాటూ వేయాలంటే కనీసం 3 సెంటీమీటర్లు దూరంగా వేయాలి.

నాన్నగారి విషయానికి వస్తే, మచ్చ పోయినా అది పుట్టిన పొట్ట అలాగే ఉంది. జపాన్‌లో ఈఎస్‌డీ అయినవాళ్లలో ఏడాదికి నూటికి మూడు దాకా మరో చోట కొత్త మచ్చ కనిపిస్తుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య ఒక ఎండోస్కోపీ, ఆ తర్వాత ఏటా ఒకటి, జీవితాంతం. హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా ఉందేమో చూసి, ఉంటే 14 రోజుల కోర్సు పూర్తిగా వాడించండి; కొత్త మచ్చలు వచ్చే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుంది. పోయిందా లేదా అన్న పరీక్ష, శ్వాస పరీక్షో మల పరీక్షో, యాంటీబయాటిక్స్ ఆగిన నాలుగు వారాల తర్వాత, పాంటాప్రజోల్ మానిన రెండు వారాల తర్వాతే చేయించాలి, లేకపోతే ఉన్నా లేనట్టు వస్తుంది. ఎనిమిది వారాల మందు అయిపోయి, ఇంకో రెండు వారాలు ఆగాక చేయించుకుంటే రెండూ కలిసొస్తాయి. మీరూ, మీ తోబుట్టువులూ కూడా అదే పరీక్ష చేయించుకోండి. తల్లికో తండ్రికో పొట్ట క్యాన్సర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ, బ్యాక్టీరియా ఉంటే తీసేయించుకోవడం వాళ్లకూ లాభమే.